పేకముక్కలు అమ్మిన నింటెండో చేతి గేముల్లోకి ఎలా వచ్చింది?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయండి. జపాన్ గేముల కంపెనీ నింటెండో మొదట్లో పేకముక్కలు అమ్మేదన్న మాట నిజమేనా, నిజమైతే ఎలక్ట్రానిక్ బొమ్మల్లోకి, చేతి గేముల్లోకి, అంటే చేతిలో పట్టుకుని ఆడేవాటిలోకి, ఎలా వచ్చింది అన్నది మొదటిది. రంగుల తెర ఉన్న గేములు పక్కనే ఉండగా రంగులే లేని నింటెండో చేతి గేమ్ ‘గేమ్ బాయ్’ ఎలా నెగ్గింది అన్నది రెండోది. మీ మేనమామ కువైట్ నుంచి తెచ్చిన రెండు తెరల మడత గేమ్ బీరువాలో దొరికింది, మళ్ళీ పనిచేస్తుందా అన్నది మూడోది.

సూటిగా చెప్పాలంటే: నిజమే. నింటెండో 1889లో జపాన్‌లోని క్యోటోలో పేకముక్కల దుకాణంగా మొదలైంది. ఎలక్ట్రానిక్ బొమ్మల్లోకి వచ్చింది 1960ల చివర్లో, చేతి గేముల్లోకి 1980లో. రెండింటి వెనకా ఉన్న మనిషి గున్‌పెయి యొకోయ్ అనే ఇంజినీరు. అప్పటికే లక్షల్లో తయారై, ధర పడిపోయి, లోటుపాట్లన్నీ బయటపడిన భాగాలను తీసుకుని, అంతవరకూ ఎవరూ వాడని చోట వాడటం ఆయన పద్ధతి. గేమ్ బాయ్ నెగ్గడానికి కూడా అదే ముఖ్యమైన కారణం. ఇక మీ మడత గేమ్ బతికే అవకాశం బాగానే ఉంది. దాని గురించి చివర్లో వివరంగా చెబుతాను.

నాది వాచీలు, కాలిక్యులేటర్లు బాగుచేసే పని. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళ ఇళ్ళలోని పాత చేతి గేములు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. ఈ కంపెనీ మీద నాకు ఇష్టం కలిగింది వాటిని విప్పి చూశాకే. అందుకే కథ కొంచెం విడిభాగాల వైపు నుంచి సాగుతుంది, ఏమనుకోకండి.

మొదట ఫుసజిరో యమౌచి అనే ఆయన హనఫుద అనే పేకముక్కలు చేసి అమ్మేవారు. అందులో 48 ముక్కలుంటాయి. పన్నెండు నెలలకు పన్నెండు రకాల పూలూ చెట్లూ, నెలకు నాలుగు ముక్కలు, వాటి మీద అంకెలు ఉండవు. 1949లో ఆయన మునిమనవడు హిరోషి యమౌచి ఇరవై రెండేళ్ళు దాటకముందే కంపెనీ పగ్గాలు పట్టుకుని, 2002 దాకా వదల్లేదు. 1953లో ప్లాస్టిక్ పూత వేసిన పేకముక్కలు తెచ్చాడు. 1959లో డిస్నీ బొమ్మలు అచ్చేసిన ముక్కలు పిల్లల కోసం అమ్మాడు. బాగానే పోయాయి. తర్వాత పేక అమ్మకాలు పడిపోతే ట్యాక్సీలు నడిపాడు, నీళ్ళు పోస్తే తయారయ్యే అన్నం అమ్మాడు. ఏదీ నిలవలేదు. ఈ భాగం మీద ఎక్కువసేపు ఆగను. అసలు విషయం దీని తర్వాతే ఉంది.

1965లో యొకోయ్ ఉద్యోగంలో చేరాడు. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, చేయాల్సిన పని పేకముక్కలు తయారుచేసే మెషీన్ల నిర్వహణ. చేతినిండా పని ఉండేది కాదు. ఖాళీగా ఉన్నప్పుడు కత్తెర మడతల్లా సాగి, చివర్లో ఉన్న పట్టుతో దూరంగా ఉన్న వస్తువును అందుకునే బొమ్మ చెయ్యి ఒకటి తయారుచేసుకున్నాడు. అది యజమాని కంట్లో పడింది. పిలిచి తిట్టకుండా, దాన్ని సరుకుగా మార్చమన్నాడు. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో వచ్చిన ఆ బొమ్మ పన్నెండు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందులో కరెంటూ లేదు, బ్యాటరీ కూడా లేదు. కానీ నింటెండో బొమ్మల కంపెనీ అయింది దానితోనే.

యొకోయ్ చదువు పనికొచ్చింది 1969లో వచ్చిన ‘లవ్ టెస్టర్’తో. ఇద్దరు చెరొక గుండు పట్టుకుని, రెండో చేతులు కలుపుకోవాలి. పెట్టె మీది ముల్లు ఇద్దరి మధ్య ఎంత ప్రేమ ఉందో చూపిస్తుంది. లోపల జరిగేది ఏమిటంటే, ఇద్దరి శరీరాల గుండా చాలా చిన్న కరెంటు ప్రవహిస్తుంది. అరచేతులు చెమర్చితే అది పెరుగుతుంది, ముల్లు ఎక్కువ చూపిస్తుంది. కాలేజీ ల్యాబులో గాల్వనామీటరు చూసినవాళ్ళకు ఇందులో కొత్త సంగతేమీ ఉండదు. ఆ ముల్లు కోసం ఇద్దరు చేతులు కలుపుకుంటారని ఊహించడంలోనే బొమ్మలు చేసేవాడి తెలివి ఉంది. ఆ తెలివికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ఇంకొకటి కూడా ఇలాంటిదే. షార్ప్ కంపెనీ నుంచి మసయుకి ఉఎమురా అనే ఇంజినీరు సోలార్ సెల్స్ అమ్మడానికి నింటెండోకు వచ్చేవాడు. కాంతి పడితే కరెంటు పుట్టించే ఆ సెల్‌ను యొకోయ్ బొమ్మ తుపాకీకి గురిగా పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కితే తుపాకీ నుంచి క్షణం పాటు వెలుగు వస్తుంది, అది సెల్ మీద పడితే గురి తగిలినట్టు. 1970లో వచ్చిన ఆ తుపాకులు బాగా అమ్ముడుపోయాయి. ఉఎమురా తర్వాత నింటెండోలోనే చేరిపోయాడు. 1983లో వచ్చిన ఫ్యామికామ్ అనే టీవీ గేమ్ రూపకర్త ఆయనే. మన ఊళ్ళలో 90లలో ‘క్యాసెట్ గేమ్’ అంటూ టీవీకి తగిలించి ఆడినవాటిలో చాలావరకు ఆ ఫ్యామికామ్‌కు నకళ్ళే.

దారి అంతా పూలబాటేమీ కాదు. కాంతి తుపాకీ ఆలోచననే పెద్దది చేసి, 1973లో ఖాళీగా పడున్న బౌలింగ్ హాళ్ళలో షూటింగ్ కేంద్రాలు పెట్టారు. అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చింది. ఆర్డర్లు రద్దయ్యాయి. కంపెనీ అప్పుల్లో పడింది. 1970లలో మిగిలిన ఏళ్ళన్నీ ఆ బరువు మోస్తూనే గడిచాయి.

ఇక చేతి గేమ్. ఇక్కడ కాలిక్యులేటర్ల కథ కొంచెం తెలియాలి. 1970లలో జపాన్‌లో షార్ప్, కేసియో కంపెనీలు కాలిక్యులేటర్ల ధరల మీద హోరాహోరీగా పోటీపడ్డాయి. ద్రవ స్ఫటిక తెరతో, అంటే మనం ఎల్‌సీడీ అనేదానితో, కాలిక్యులేటర్‌ను షార్ప్ 1973లో తెచ్చింది. దశాబ్దం చివరికి ఆ తెరలు, వాటిని నడిపే చిన్న చిప్‌లు బాగా చవకైపోయాయి. కాలిక్యులేటర్ కొనాల్సినవాళ్ళంతా కొనేశారు. తెరలు చేసే ఫ్యాక్టరీలకు కొత్త పని కావాలి.

అదే రోజుల్లో యొకోయ్ బుల్లెట్ ట్రైన్‌లో ఒక ఉద్యోగి ఏమీ తోచక కాలిక్యులేటర్ బటన్లు నొక్కుతూ కూర్చోవడం చూశాడు. పెద్దవాళ్ళు కూడా ఎవరి కంటా పడకుండా, ఒళ్ళో పెట్టుకుని ఆడుకునేంత చిన్న గేమ్ ఉంటే బాగుంటుంది కదా అనుకున్నాడు. తర్వాత ఒకరోజు యజమాని కారు డ్రైవర్‌కు ఒంట్లో బాగాలేక, యొకోయ్ కారు నడపాల్సి వచ్చింది. దారిలో మాటల మధ్య ఈ ఆలోచన చెప్పాడు. యమౌచి పెద్దగా స్పందించలేదు. కానీ ఆ రోజు సమావేశంలో ఆయన పక్కన కూర్చున్నది షార్ప్ అధ్యక్షుడు. వారం తిరక్కుండా షార్ప్ పెద్దలు నింటెండోకు వచ్చారు. ఇదంతా యొకోయ్ తర్వాత తానే చెప్పుకున్న విషయం.

అలా 1980 ఏప్రిల్ 28న ‘గేమ్ అండ్ వాచ్’ వరుసలో మొదటిదైన ‘బాల్’ వచ్చింది. ధర 5,800 యెన్లు. ఒక మనిషి రెండు మూడు బంతులు ఎగరేసి పట్టుకుంటూ ఉంటాడు, మనం ఎడమ బటన్, కుడి బటన్ నొక్కి అతని చేతులు జరుపుతాం. ఒక్క బంతి కింద పడితే ఆట అయిపోయింది. అంతే ఆట.

దాన్ని విప్పితే లోపల కనిపించేది నాలాంటివాడికి బాగా తెలిసిన సరుకే. క్వార్ట్జ్ వాచీలో ఉండే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్, షార్ప్ చేసిన 4-బిట్ చిప్, శబ్దానికి పలచని రేకు బిళ్ళ, బటన్ల కింద రబ్బరు మెత్తలు, రెండు బటన్ సెల్స్. ఆటకు కావలసిన టైమింగ్ వాచీ క్రిస్టలే ఇస్తోంది కాబట్టి, ఆడనప్పుడు అది గడియారంగా పనిచేస్తుంది. కొనే పెద్దవాళ్ళకు గడియారం కూడా దొరికినట్టయింది.

తెర సంగతి ఇంకా బాగుంటుంది. కాలిక్యులేటర్ తెర మీద 8 అంకె ఏడు గీతలుగా ముందే ఉంటుంది. ఏ అంకె కావాలంటే ఆ గీతలు మాత్రం నల్లబడతాయి. గేమ్ అండ్ వాచ్‌లో ఆ గీతల బదులు బొమ్మలు గీశారు. బంతి వెళ్ళే దారిలో ప్రతి చోటా ఒక బంతి, మనిషి చేతులు ఉండగల ప్రతి భంగిమలో ఒక జత చేతులు, అన్నీ గాజులో ముందే ఉంటాయి. చిప్ ఒకదాన్ని ఆర్పి పక్కదాన్ని వెలిగిస్తుంది, మన కంటికి బంతి కదిలినట్టు ఉంటుంది. ట్యూబ్‌లైట్ కింద తెరను ఏటవాలుగా పట్టుకుని చూడండి, వెలగని బొమ్మలన్నీ లీలగా కనిపిస్తాయి. సన్నటి రంధ్రంలో ఉండే ఏసీఎల్ అనే బటన్ నొక్కితే అన్నీ ఒకేసారి నల్లగా వచ్చేస్తాయి. ఆట మొత్తం ఒకే బొమ్మగా కనబడే ఆ క్షణం నాకు ప్రతిసారీ ఇష్టమే.

ఈ వరుసలో 1991 వరకు 60 రకాలు వచ్చాయి. వాటిలో ఒకటి అమ్మకానికి కాదు, బహుమతిగా ఇచ్చింది. మొత్తం 4 కోట్ల 34 లక్షలు అమ్ముడయ్యాయి. కంపెనీ అప్పులు తీరిపోయి చేతిలో డబ్బు మిగిలింది. ఫ్యామికామ్‌కు దారి వేసింది ఆ డబ్బే.

ఇక్కడ ఒక జాగ్రత్త మాట. చేతి గేములు కనిపెట్టింది నింటెండో అని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. అమెరికాలో మ్యాటెల్ 1970ల మధ్యలోనే ఎర్రటి లైట్ల చుక్కలతో ‘ఆటో రేస్’ అమ్మింది. 1979లో మిల్టన్ బ్రాడ్లీ ‘మైక్రోవిజన్’ తెచ్చింది. ఆట మార్చాలంటే పైన బిగించిన భాగాన్ని మార్చితే చాలు, అంటే గేమ్ బాయ్ చేసిన పని దానికి పదేళ్ళ ముందే చేసింది. కానీ దాని తెర అడ్డం 16 చుక్కలు, నిలువు 16 చుక్కలు మాత్రమే. ఆ తెరలు కాలక్రమంలో నల్లబడి పాడైపోయేవి. చేతిలోని స్టాటిక్ కరెంటు తగిలితే చిప్ పోయేది. ఆలోచన ముందుంది, దానికి కావలసిన భాగాలు ఇంకా కుదురుకోలేదు. యొకోయ్ ఎంచుకున్న దారి విలువ మైక్రోవిజన్‌ను పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

మీ ఇంట్లో దొరికిన నారింజ రంగు మడత గేమ్ ‘డాంకీ కాంగ్’. అది 1982 జూన్‌లో వచ్చింది. దానిలో ఎడమవైపు ప్లస్ గుర్తు ఆకారంలో ఒక బటన్ ఉంటుంది చూడండి. ఆ ఆటలో మనిషి పక్కలకు నడవాలి, నిచ్చెనలు ఎక్కి దిగాలి, నాలుగు దిక్కులూ కావాలి. గేమ్ సెంటర్లలో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మెషీన్‌లోలా కర్ర (జాయ్‌స్టిక్) పెడితే మూత మడవడం కుదరదు. నాలుగు విడి బటన్లు పెడితే తెర మీదినుంచి కళ్ళు తీయకుండా వేలు సరైన చోట పడదు. యొకోయ్ నాలుగింటినీ ఒకే ముక్కగా చేసి, నడుమ ఊతం పెట్టాడు. బొటనవేలు ఎత్తకుండానే ఏ దిక్కు నొక్కుతున్నామో తెలుస్తుంది. ఆ తర్వాత ఫ్యామికామ్ రిమోట్ మీదికి, అక్కడినుంచి ప్రపంచంలోని దాదాపు ప్రతి గేమ్ రిమోట్ మీదికి ఆ ప్లస్ గుర్తు చేరింది. మీ బీరువాలో ఉన్నది ఆ వంశానికి మూలపురుషుడు. స్క్రాప్‌కు మాత్రం వేయకండి.

రెండో ప్రశ్న, గేమ్ బాయ్. 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో 12,500 యెన్లకు వచ్చింది. 160 అడ్డం, 144 నిలువు చుక్కల తెర, ఆకుపచ్చ ఛాయలో నాలుగు రకాల ముదురు, లేత రంగులు, వెనకనుంచి వెలుగు లేదు. అదే ఏడాది అమెరికాలో అటారీ లింక్స్ రంగుల తెరతో, తెర వెనక లైటుతో వచ్చింది. మరుసటి ఏడాది సెగా గేమ్ గియర్ వచ్చింది, అదీ రంగులదే. కాగితం మీద పోల్చితే గేమ్ బాయ్ ఎక్కడా నిలబడదు.

కానీ లింక్స్, గేమ్ గియర్ ఒక్కోటి ఆరు పెన్సిల్ సెల్స్ తీసుకుని నాలుగైదు గంటల్లో ఖాళీ చేసేవి. తెర వెనక చిన్న ట్యూబ్‌లైట్ వెలుగుతూ ఉండాలి మరి. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తో పదిహేను గంటల పైమాటే నడిచేది. అమెరికాలో దాని ధర దాదాపు 90 డాలర్లు, లింక్స్ ధర దానికి రెట్టింపు. పిల్లలకు నెలనెలా సెల్స్ కొనిచ్చేది అమ్మానాన్నలు. వాళ్ళ లెక్కలో గేమ్ బాయ్ నెగ్గింది.

తెర విషయంలో యొకోయ్ ఒకసారి బాగా టెన్షన్ పడ్డాడు. మొదట అనుకున్న తెరను నేరుగా ఎదురుగా పెట్టుకుని చూస్తే బొమ్మ సరిగా కనపడేది కాదు. యమౌచి చూసి, ఇది అమ్మడానికి పనికిరాదన్నాడు. షార్ప్ వాళ్ళు వేరే రకం ఎల్‌సీడీకి మార్చాక గానీ గండం గడవలేదు. ‘రంగులు వద్దు’ అన్న నిర్ణయాన్ని చవక కోసం ఏదో ఒకటి పెట్టేశారని అనుకోకూడదు. ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో వాళ్ళకు తెలుసు. రంగు లేకపోయినా ఆట ఆడొచ్చు. బొమ్మ కనపడకపోతే ఆడలేం.

ఈ గెలుపు యొకోయ్ ఒక్కడిదే అనడం కూడా న్యాయం కాదు. గేమ్ అండ్ వాచ్ రోజుల నుంచీ సర్క్యూట్ల పని చూసిన సతోరు ఒకాడా లేకపోతే గేమ్ బాయ్ లేదు. ఇంకో పెద్ద కారణం టెట్రిస్. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో రాసిన ఆ ఆటకు చేతి గేమ్ హక్కుల కోసం గేముల ప్రచురణకర్త హెంక్ రోజర్స్ 1989లో మాస్కో వెళ్ళి మాట్లాడి వచ్చాడు. అమెరికాలో గేమ్ బాయ్‌తో పాటు ఆ ఆటను పెట్టి అమ్మారు. చిన్నపిల్లలతో పాటు వాళ్ళ తాతలూ ఆడారు. టెట్రిస్‌కు రంగులతో పనిలేదు, పడే ముక్కల ఆకారం తెలిస్తే చాలు. యంత్రానికీ ఆటకూ అంత బాగా జత కుదరడం అరుదు. 1996లో పోకెమాన్ అనే ఆట వచ్చి, రెండు గేమ్ బాయ్‌లను వైరుతో కలిపి బొమ్మలు మార్చుకునే అలవాటు తెచ్చాక దానికి రెండో జన్మ వచ్చింది. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

గట్టిదనం గురించి కూడా ఒక మాట. గల్ఫ్ యుద్ధంలో కాలి, కరిగి, నల్లబడిన ఒక అమెరికన్ సైనికుడి గేమ్ బాయ్ న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఏళ్ళ తరబడి టెట్రిస్ ఆడుతూ ప్రదర్శనలో ఉండేది. నా బల్ల మీదికి వచ్చే పాత గేమ్ బాయ్‌లలో ఎక్కువగా కనిపించే జబ్బు తెర మీద నిలువు గీతలు మాయమవడం. తెర కింది అంచున రిబ్బన్ కేబుల్ అతుకు వదులైతే అలా అవుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ను తక్కువ వేడిలో ఆ అతుకు మీద మెల్లగా రాస్తూ పోతే గీతలు ఒక్కొక్కటే తిరిగొస్తాయి.

మన దగ్గర 90లలో తిరునాళ్ళలో, బస్టాండ్ దుకాణాల్లో దొరికిన ‘9999 ఇన్ వన్’ బ్రిక్ గేమ్ నింటెండోది కాదు. చాలామంది కలిపేస్తుంటారు. అది టెట్రిస్‌ను చూసి ఇతరులు చేసిన చవక సరుకు. తెర అడ్డం 10, నిలువు 20 గళ్ళు. ఆటలు నిజానికి కొన్నే, వేగాలూ స్థాయులూ లెక్కపెట్టి ఆ అంకె వేసేవారు. అయినా గేమ్ బాయ్ కొనలేని లక్షల ఇళ్ళకు ఆ ఆనందం చేర్చింది అదే. ఆ గౌరవం దానికి ఇవ్వాలి.

యొకోయ్ తర్వాతి కథ బాధగా ఉంటుంది. 1995లో కళ్ళకు ఆనించి చూసే ‘వర్చువల్ బాయ్’ అనే ఎర్రటి తెర గేమ్ విఫలమైంది. 1996లో ఆయన నింటెండో వదిలి సొంత సంస్థ పెట్టుకున్నాడు. 1997 అక్టోబర్ 4న రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు, అప్పటికి 56 ఏళ్ళు. ఆయన చెయ్యి పడిన ‘వండర్‌స్వాన్’ అనే చేతి గేమ్‌ను బందాయ్ అనే బొమ్మల కంపెనీ 1999లో తెచ్చింది. అది ఒక్క పెన్సిల్ సెల్‌తో నడిచేది. 2004లో నింటెండో రెండు తెరల మడత ‘డీఎస్’ తెచ్చి 15 కోట్లకు పైగా అమ్మింది. మీ డాంకీ కాంగ్ పక్కన పెట్టి చూస్తే పోలిక చిన్నపిల్లలైనా చెబుతారు.

ఇప్పుడు మీ గేమ్ సంగతి. ముందు సెల్స్ మూత తీసి చూడండి. పాత సెల్స్ లోపలే ఉండిపోయి ఉంటే స్ప్రింగుల దగ్గర తెల్లగా గానీ పచ్చగా గానీ పొడి కట్టి ఉంటుంది. దూదిపుల్లకు కొద్దిగా వెనిగర్ అద్ది తుడవండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నీళ్ళు పోయొద్దు.

సెల్ నంబరు మూత దగ్గర రాసి ఉంటుంది, దాన్నే కొనండి. ఎల్ఆర్43, ఎల్ఆర్44 రెండూ ఒకే వెడల్పు ఉంటాయి, మందం మాత్రం తేడా. మందమైనదాన్ని బలవంతంగా దూర్చితే రేకు వంగిపోతుంది. కొత్త సెల్స్ వేశాక ఏసీఎల్ ఒకసారి నొక్కండి, చాలాసార్లు అది నొక్కక తెర రాదు.

తెర మొత్తం నల్లగా మచ్చలు పడి ఉంటే పైనున్న, కాంతిని వడగట్టే పోలరైజర్ పొర పాడైందని అర్థం, అది మార్చుకోవచ్చు. గాజు పగిలి సిరా కారినట్టు ఉంటే మాత్రం తెర పోయినట్టే. ఒక తెర వచ్చి రెండోది రాకపోతే మడత కీలు గుండా వెళ్ళే పలచని కేబుల్ తెగి ఉంటుంది. ఆ మడతను మాటిమాటికీ తెరిచి మూసి పరీక్షించకండి, మిగిలిన తీగలు కూడా తెగుతాయి. అలా ఉంటే విప్పకుండా, తెర ఫొటో, సెల్స్ గది ఫొటో రెండూ ఇక్కడ పెట్టండి. చూసి ఏం చేయాలో చెబుతాను.